చూరు దించని ఇల్లు

మొగలి డొంక కొట్టించమన్నది నువ్వా, నీ మేడ కట్టిన ఆ బరంపురం ఇంజనీరా అన్నది నాకిప్పుడు సరిగ్గా గుర్తులేదు, కూర్మారావు బావా. ఈ మధ్య నా జ్ఞాపకం మీద నాకే నమ్మకం తక్కువ. ఎవరి మాటైతేనేం, కత్తి పట్టించింది నువ్వు. ఇంట్లోంచి సముద్రం కనబడాలన్నావు.

సముద్రం కనబడక ఇన్నాళ్ళూ మన ఉద్దానంలో ఎవరికైనా అన్నం సహించలేదా?

కూర్చో. మా చెల్లెలికి నచ్చజెప్పి నీ కొత్త మేడకి తిరిగి పంపమని అడగడానికి వచ్చావు. అడిగావు, విన్నాను. ఇక నేను చెప్పేది నువ్వు విను.

మన పెద్దలు ఇంటి వీపు సముద్రానికి పెట్టారు. తూర్పు చూరుని, నడుం వంచితే గాని దూరలేనంత కిందికి దించారు. ఈదురుగాలి దానికి తగిలి కప్పు మీదుగా పోయేది. నీకది బీదతనంగా కనిపించింది. "నా ఇంట్లోకి నాను తల వంచుకుని దూరడమేటి?" అని పదిమందిలో అన్నావు. నీ మేడకి సముద్రం వైపు ఏనుగు పట్టేంత గుమ్మం పెట్టించావు. ఏనుగు రాలేదు, ఇసక వచ్చింది. మొగలి డొంక పోయాక దానికి అడ్డేముంది?

మహాలక్ష్మికి ఆయాసం. సముద్రపు గాలి మంచిదని డాక్టరు చెప్పిన మాట నిజమే. అందుకని తూర్పు గోడ పొడుగునా అద్దాల తలుపులు పెట్టించావు. పెట్టించి ఏం చేశావు? అన్నంలో ఇసక పడుతోందని, పొద్దెక్కేసరికి అన్నీ మూయించావు. గాలి కోసం కట్టిన ఇంట్లో గాలి లేక, అద్దం వెనక కూర్చుని, సముద్రాన్ని చూస్తూ రొప్పింది నా చెల్లెలు. సంతలో అమ్మే పంజరం నయం కాదూ? ఊచల మధ్య సందైనా ఉంటుంది.

పైగా ప్రకృతి అంటావు. కాపు మీదున్న పనస చెట్టు కొట్టించి, ఆ చోట పింగాణీ కుండీలో రంగుల ఆకుల మొక్క పెట్టావు. హాల్లో గోడకి అడవి పటం తగిలించావు. మీ అమ్మ వరహాలమ్మ అత్త నాతో ఏమందో తెలుసా? "సెట్టు కొట్టేసి సెట్టు బొమ్మ కొన్నాడు మావోడు. రేపు నన్ను వల్లకాటికి తోలేసి నా పటం కొనుక్కుంతాడు."

నవ్వకు. ఆవిడ నవ్వుతూ అనలేదు.

అందుకే మహాలక్ష్మి, దొడ్డి చివర మీ అమ్మ ఉండే చుట్టింట్లోకి వెళ్ళిపోయింది. గుండ్రటి మట్టిగోడ, తాటాకు కప్పు, అంతే కదా. మధ్యాహ్నం అయ్యేసరికి పక్కిళ్ళ ఆడవాళ్ళు ఆ చూరు నీడకి చేరి, కొబ్బరి పీచు తీస్తూ ఒకరినొకరు ఆడిపోసుకుంటారు. నీ నున్నటి గచ్చు మీద వాళ్ళని ఒక్కనాడైనా కాలు పెట్టనిచ్చావా? మొన్న వెళ్ళి చూశాను. మహాలక్ష్మి మాట మధ్యలో ఊపిరి కోసం ఆగడం మానేసింది. ఎవరి మీదో చాడీ చెబుతోంది, చివరిదాకా చెప్పింది.

ఇప్పుడు ఆ చుట్టిల్లు రేపు పొద్దున్న పడగొట్టమని కూలీలకి చెప్పావట. తల దాచుకునే చోటు లేకపోతే తనే మేడెక్కుతుందని నీ ఆలోచన. ఊపిరాడే చోటు కూల్చి, ఊపిరాడని చోట ఉండమంటావు. మేడుండగా పెళ్ళాం చుట్టింట్లో ఉంటోందని టెక్కలిలో నలుగురూ నవ్వుతున్నారనా? నవ్వనీ. నేనూ నవ్వాను.

ఏం, లేస్తున్నావా?

ఉండు. చెల్లెలు అన్న మాట ఒకటి కావాలనే నీ దగ్గర దాచాను. చెబితే నీ మీద నా చులకన పలచబడుతుందని భయం.

"అన్నయ్యా, ఆ మేడలో ఆయనకీ నిద్దర పట్టట్లేదు. వరండాలో తిరుగుతన్న సప్పుడు నాకిక్కడికి ఇనబడతంది. ఈ సుట్టింట్లో ఇంకో సాపకి సోటుంది. రమ్మని సెప్పు" అంది.

ఇందాకటి నుంచి నువ్వు నా ఎదురుగానే ఉన్నావు. చెప్పలేదు. అంత మాట దక్కడానికి నువ్వు తగినవాడివేనా అనిపించింది.

ఇప్పటికీ అనిపిస్తూనే ఉంది.