చేతులు కట్టుకునే మేడం

ఏంట్రా అలా గుమ్మంలోనే నిలబడిపోయావు, నీ కూతురేగా, కరవదులే. వచ్చి ఈ తాత పక్కన కూర్చో. నిన్ను చూస్తుంటే ఆ మేడం గుర్తొస్తోంది. ఏ మేడమా? మీ అమ్మ చంటిపిల్లప్పుడు ప్రతి గురువారం సాయంత్రం ఇంటికొచ్చేది. పిల్లల్ని ఎలా చూసుకోవాలో తల్లిదండ్రులకి చెప్పడానికి ఆసుపత్రివాళ్ళు పంపేవాళ్ళులే. పేరు... ఉండు... పోనీ, వీధిలో అందరూ చేతులు కట్టుకునే మేడం అనేవాళ్ళు. మీ అమ్మకి రెండో నెల రాగానే మీ అమ్మమ్మకి ఊపిరితిత్తుల జబ్బని ఆసుపత్రిలో పెట్టేశారు. పిల్లని దగ్గరికి తీసుకురావద్దన్నారు. పగలు పక్కింటి పిన్నిగారు చూసేది, సాయంత్రం నుంచి నేనే. లేత్ మెషిన్ మీద ఇనుము కోసుకునేవాణ్ణి, నాకు పాలసీసా పట్టడం ఏం తెలుసు! మీ అమ్మమ్మ వాళ్ళక్క, అదే మా వదిన, వారానికోసారి దిగేది. "మరిదిగారూ, ఇది మగాళ్ళ వల్ల అయ్యే పని కాదు, పిల్లని నాకిచ్చెయ్యండి." ఆవిడకి పిల్లల్లేరు. ఇచ్చానంటే మళ్ళీ రాదు. మీ అమ్మమ్మేమో ఆసుపత్రి కిటికీలోంచి ఒకటే పాట, "ఎవరికీ ఇవ్వకండి, ఎవరికీ ఇవ్వకండి" అని.

ఏం చెప్తున్నానూ... ఆఁ, మేడం. చెప్పులు బయట విడిచి, గొడుగు మూలన పెట్టి, చాప మీద కూర్చుని చేతులు కట్టుకునేది. అంతే. పిల్ల గుక్కపట్టి ఏడ్చినా ఎత్తుకునేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఈమాత్రం దానికి రావడమెందుకూ అని ఓ రోజు అనేశాను కూడా. ఆవిడ కోప్పడలేదు. "మీ మెషిన్ పాడైతే మీకెలా తెలుస్తుంది?" అంది. చప్పుడు మారుతుంది మేడం అన్నాను. "మరి ఈ చప్పుడు కూడా వినండి" అంది. నవ్వులాటేమో అనుకున్నా. కానీ విన్నానురా. ఆకలేడుపు వేరు, కడుపునొప్పి ఏడుపు వేరు, నిద్రేడుపు ఇంకో రకం. నెలకల్లా పక్కగదిలోంచే చెప్పేవాణ్ణి.

ఓ గురువారం వదిన సంచీతో సహా వచ్చేసింది. దండెం మీది పిల్ల బట్టలన్నీ సర్దేసి, పిల్లని చంకనేసుకుంది. పిల్ల అందుకుంది రాగం. సీసా పెట్టింది, గిలక్కాయ ఊపింది, ఊహూఁ. చివరికి మేడంతో, "చదువుకున్నదానివి, నువ్వైనా ఎత్తుకోవమ్మా!" అంది. మేడం చేతులు ఇంకా బిగించి నా వైపు చూసింది. "నిద్రేడుపు వదినా అది, ఇలా ఇవ్వండి" అన్నాను. భుజాన వేసుకుని, మెషిన్‌లాగా గొంతులో గుర్రుమంటూ నాలుగడుగులు వేశానో లేదో, పడుకుంది. వదిన కాసేపు చూసి, సంచీలోంచి బట్టలు తీసి ఒక్కొక్కటే మళ్ళీ దండెం మీద వేసింది. ఆవిణ్ణి చూస్తే జాలేసింది, అబద్ధం ఎందుకు.

మీ అమ్మమ్మ ఇంటికొచ్చిన వారమే మేడం రావడం ఆఖరు. వెళ్తూ వెళ్తూ, "ఒక్కసారి ఇస్తారా?" అంది. ఎత్తుకోగానే మీ అమ్మ బిక్కమొహం పెట్టి, నా వైపు రెండు చేతులూ చాచేసింది. ఆవిడ ఎంత నవ్విందనుకున్నావు! నాకేమో కళ్ళనీళ్ళు. ఆవిడ పోయి పాతికేళ్ళు దాటింది...

అదిగో, నీ కూతురు లేచింది. నన్ను చూస్తావేంట్రా? నేను చేతులు కట్టుకున్నాను. ముందు ఏ ఏడుపో విను.