ఉప్పెన తర్వాత వచ్చిన సువార్త

దివిసీమలో ఒక కాలువ. పాస్టరుగారు నడుములోతు నీళ్లలో నిలబడ్డారు. బాప్తిస్మానికి తెల్లచీర కట్టుకొచ్చిన చేపలపల్లె మనిషి గట్టు మీదే ఆగిపోయింది.

"దిగమ్మా, సంఘమంతా చూస్తోంది."

"ముందు చెప్పండి అయ్యగారూ. డెబ్బై ఏడు ఉప్పెనలో పోయిన మా అమ్మ ఎక్కడుంది?"

"యేసుని ఒప్పుకోకుండా పోయినవాళ్లకి నరకమేనని నిన్ననే చెప్పానుగా."

"ఒప్పుకోకపోవడమేంటండీ? ఆ పేరే వినలేదు. మీవాళ్లు మా పల్లెకి ఎప్పుడొచ్చారు?"

"ఉప్పెన తర్వాత. బియ్యం, బట్టలు పట్టుకుని వచ్చాం."

"అంతకు ముందో?"

"అప్పుడు దారెక్కడిది? మోకాలిలోతు బురద."

"ఆ బురదలోనే రొయ్యల షావుకార్లు రోజూ వచ్చేవారు. వాళ్లవేమన్నా ఇనప కాళ్లా?"

"నోరు అదుపులో పెట్టుకో! తీర్పు దేవుడిది."

"నరకమని చెప్పింది మీరు. బురదకి జడిసి రానిది మీరు. కాలేది మా అమ్మా?"

"చచ్చినవాళ్ల కోసం నీ ఆత్మని పోగొట్టుకుంటావా?"

"ఇంతమంది ముందు ఒక్క మాట అనండి. మేం రాలేదు, తప్పు మాది, ఆవిడది కాదు అనండి. ఇప్పుడే మునుగుతాను."

పాస్టరుగారు గట్టు మీద వరసలో ఉన్నవాళ్ల వైపు తిరిగారు.

"అనరేం?"

"పక్కకి జరుగు. తర్వాతెవరమ్మా, రండి."