పచ్చగా ఉన్నది మన మడొక్కటే

ఎడారి అంచున, ఉప్పునీళ్ళను మంచినీళ్ళుగా మార్చే ప్లాంటులో పనిచేసే వాళ్ళ ఇళ్ళ వరుస. ఓ పెరట్లో, ఇసుకలో పల్లంగా తవ్విన బెండమడి పక్కన ప్లాంటు ఆపరేటరు, అతని భార్య.

“అది కాదు, నిజం చెప్పు. ఏం పోస్తున్నావ్ వీటికి?”

“నీళ్ళు. ఇంకేం పోస్తారు, పన్నీరా?”

“పక్కింటావిడ నన్ను గేటు దగ్గర పట్టుకుంది. వీధిలో మడులన్నీ మాడిపోతే మీదొక్కటే పచ్చగా ఉందేమిటని.”

“మా ఆవిడ చెయ్యి మంచిదని చెప్పకపోయారా?”

“నవ్వులాట కాదే.”

“ఆవిడ కళ్ళు పడితే ఇవీ మాడతాయి. ఇటు చూడండి, ఆరు కాయలు. కొన పట్టుకుంటే పుటుక్కున విరుగుతోంది. రేపు పాపకి వండిపెడతా.”

“పాపేది?”

“పడుకుంది.”

“ఈవేళప్పుడా?”

“పొద్దుట్నించీ పడుకునే ఉంది. ఒళ్ళు కాలడం లేదులెండి. ఊరికే నీరసం. ఎండ దెబ్బేమో.”

“ఎండే. అంతా ఎండే. పక్కింటావిడకీ అదే చెప్పా, మడులు ఎండకి పోయాయని.”

“బెండ ఎండకి పోవడమేమిటండీ? మధ్యాహ్నం తల వేలాడేస్తుంది, పొద్దు వాలగానే లేచి నిలబడుతుంది. వాళ్ళ మడిలో ఆకుల అంచులు చూశారా? వాతలు పెట్టినట్టున్నాయి. అది వేరు నించి వచ్చిన మంట. మనవీ మొదట అలాగే అయ్యాయి.”

“ఎప్పుడు?”

“పది రోజులైంది.”

“పది రోజులు...”

“ఏం? ఆ రోజు ఏమైంది?”

“ఏమీ కాలేదు.”

“కుళాయి నీళ్ళు తయారుచేసేది మీరు. వాటిలో ఏముందో మీకు తెలీదూ?”

“మెల్లగా మాట్లాడు.”

“మెల్లగానే అడుగుతున్నా. ఏముంది?”

“గొట్టాలు కడిగే మందు. కడిగాక బయట పారబోయాలి. వీధి లైన్లోకి పోయింది.”

“దానంతటదే పోయిందా? ఎవరు వదిలారు?”

“ఆ షిఫ్టు నాది.”

“మీరా! మరి ఎవరికీ చెప్పలేదేం?”

“పెద్దసారు తలుపేసి మరీ చెప్పాడు. నోరు విప్పితే పోయేది ఉద్యోగం కాదు, నువ్వు జైలుకే పోతావన్నాడు. ఇంకో వారంలో లైన్లోంచి అంతా కొట్టుకుపోతుందట.”

“ఇంకో వారమా? పక్కింట్లో చంటిపిల్ల ఉంది కదండీ! మరిగించి పట్టమనైనా చెప్పొద్దూ?”

“మరిగిస్తే పోయేది కాదు అది. ఇంకా చిక్కబడుతుంది.”

“మీకు అన్నం ఎలా సయించింది? ఈ వీధిలో ఎంతమంది పిల్లలున్నారు!”

“వీధి గొడవ నాకెందుకు? మన పాప చల్లగా ఉంటే చాలు. అందుకేగా, డ్యూటీ దిగి అంతదూరం, బయట్నించి వచ్చే మంచినీళ్ళ ట్యాంకర్ల దగ్గరికెళ్ళి, రోజూ రెండేసి డబ్బాలు మోసుకొస్తున్నా. నీకు విడమరిచి చెబితే నువ్వు ఊరుకుంటావా? వీధంతా చాటేస్తావ్. ఏంటి, మడి వంక అలా చూస్తున్నావ్?”

“పెరటి గుమ్మంలో పెట్టి, ‘ఇవి వాడు’ అనేసి లోపలికెళ్ళిపోయేవారు.”

“అవును. ఏం?”

“ముందు రోజు రాత్రే కదండీ, మొక్కలు చచ్చిపోతున్నాయని మీ దగ్గర ఏడ్చాను. తెల్లారేసరికి డబ్బాలు వచ్చాయి. ఇన్నేళ్ళకి నా మీద ఇంత ప్రేమ పుట్టిందా అని మురిసిపోయాను.”

“ఏమంటున్నావ్? సరిగ్గా చెప్పు.”

“ఒక్క చుక్క కూడా ఇంట్లోకి తీసుకెళ్ళలేదండీ. పాపకి రోజూలాగే కుళాయి నీళ్ళు... బాగా మరిగించి పట్టాను.”