బాయిల పొడి పోసిన ఎండకాలం

పంతొమ్మిదొందల డెబ్బై మూడు, ఎండకాలం. సేవకు పోతె ఏమొస్తది తాతా అని అడిగితివి గద బిడ్డా, మీ చర్చోళ్లు పల్లెలకు పిలుస్తున్నరని. ఏమొస్తదో నేనేం చెప్త? నాకేమైందో చెప్త, కూసో. జెర ఆ ఫ్యాను ఇటు తిప్పు.

ఆ యేడు కరువు. మన ఇంద్రేశంల బాయిలన్ని అడుగంటినయ్. నాకు ఇరవై ఏండ్లు... కాదు, ఇరవై ఒకటి. మా చెల్లె పెండ్లయిన మర్సటేడు. వెలిమెల దిక్కు పల్లెల్ల వాంతులు, విరేచనాలు మొదలైనయ్. బాయిల్ల బ్లీచింగ్ పొడి పొయ్యాలె, మనుషులు సాల్తలేరని దవాఖానోళ్లు మా అయ్యగారిని అడిగిండ్రు. అయ్యగారంటే మా పాస్టరు. సైకిల్ మీద ఊరూరు తిరిగేటోడు. అప్పుడు సైకిలున్నోడంటే ఇప్పుడు కారున్నోని లెక్క. చర్చి పడుసోళ్లం తొమ్మిదిమందిమి మేం పోతమంటిమి.

శనివారం పొద్దున అయ్యగారు నన్ను వెలిమెల దిక్కు ఒక ఊరికి పొమ్మని, నా చేతిల పొడి సంచి, ఒక కాయిదం పెట్టిండు. "ఎంత పొయ్యాల్నో ఇండ్ల రాసున్నది, సదువుకొని బాయిల పొయ్" అన్నడు.

తప్పంత గాడనే ఉన్నది. నాకు ఒక్క అక్షరం రాదు. మరి ఆయనకు తెల్వదా అంటవా? చర్చిల నేను ముందల నిలవడి, పాటల పుస్తకం తెరిచి పట్టుకొని, ఏ పాటన్న తప్పు పోకుండ పాడేటోన్ని. నడుమ నడుమ పేజీ గూడ తిప్పేటోన్ని. అన్ని మా అమ్మ నోట్ల విని నేర్సుకున్నయే. పుస్తకం పట్టుకుంటే సదువుకున్నోడు అనుకుంటరని పట్టుకుంటి. ఇగ ఇప్పుడు రాదని ఎట్ల చెప్త? మొండోన్ని. "సరే అయ్యగారు" అన్న.

ముందటి వారం ఇంకో పిలగాడు ఒక బాయిల పొడి పోస్తుంటే నేను పక్కనుంటి. వాడెంత పోసిండో నేనూ అంత పోసిన. గని ఆ బాయిల నిలువెత్తు నీళ్లు. ఈ బాయిల మోకాలెత్తు గూడ లెవ్వు. నీళ్లు తక్కువుంటే పొడి తక్కువెయ్యాలె, కలిపినంక కొంచెంసేపు ఎవ్వర్ని తోడనియ్యొద్దు. గది కాయిదంల రాసే ఉన్నది.

ఆ ఊరికి తాగను అదొక్కటే బాయి. మల్లారెడ్డి అని ఒక రైతు, ఆయన బిడ్డకు ఐదేండ్లుంటయ్. తల్లి చేదిన నీళ్లు ముంతతోని గటగట తాగింది. తాగంగనే గొంతు పట్టుకొని ఏడ్సుడు, కక్కుడు. ఊర్ల అప్పటికే రోగం ఉండె గద, రోగమా, నా పొడా, ఎవరికెర్క? మల్లారెడ్డి నా అంగి పట్టిండు.

"ఏం పోసినవ్ రా? కాయిదంల ఎంతున్నది, సదువు!"

కాయిదం చేతిలనే ఉన్నది. ఊరంత సూస్తున్నరు.

"నాకు సదువు రాదు పటేలా" అన్న.

"సదువు రానోనివి బాయి కాడికి ఎందుకొచ్చినవ్ రా? నా పోరికి ఏమన్నయితే నిన్ను గీ బాయిలనే ఏస్త!"

ఎవరో సైకిల్ మీద ఉరికి దవాఖాన నర్సమ్మను తోల్కొచ్చిండ్రు. ఆమె పోరి నోరు తెరిసి సూసింది, నాడి పట్టింది, వేరే నీళ్లు తాగిపిచ్చింది. ఎంతసేపో కూసున్నది. నా పాణం నాల లేదు. పొద్దు తిరిగినంక పోరి లేసి బెల్లంముక్క కావాలన్నది. "రోగం కాదు, గొంతు మండింది, గంతే" అన్నది నర్సమ్మ. అప్పుడు సూడు బిడ్డా, గాడనే కూలవడ్డ. ఏడ్సిన. ఇప్పుడు చెప్తుంటె గూడ గుండె మీది బండ దిగినట్టే ఉన్నది.

ఇగ బాయి. ఉన్న నీళ్లు తోడి పారబోస్తె గని కొత్త ఊట రాదు. అందాక తాగను ఊరవతల మల్లారెడ్డి చెల్క బాయి నుంచి తేవాలె. నేనే తోడుత, నేనే కావడి మోస్త అన్న. ఆదివారం ఆరాధన కాంగనే అయ్యగారు లుంగీ గట్టుకొని వచ్చి తాడు పట్టిండు. "పాటలు అన్ని నోటికేనా?" అన్నడు. "అవ్" అన్న. "నూరు పాటలు నోటికొచ్చినోనికి యాభై ఆరు అక్షరాలు రావా?" అని నవ్విండు. తిట్టలే.

సోమవారం పొద్దున మా మేనమామ బాయి కాడికి వచ్చిండు. పటాన్‌చెరువుల కొత్తగ పడ్డ ఒక ఫ్యాక్టరీల, ఎవరెవర్నో బతిమిలాడి నాకు హెల్పర్ నౌకరి మాట్లాడిండు. ఆ రోజే చేరాలె.

"గంట కొట్టేవరకు గేటు కాడ లేకుంటే పేరు కొట్టేస్తరు. నడువ్‌రా!"

"బాయి ఇంక అయిపోలే మామా."

"బాయి నీ అయ్యదా? నేను వాళ్లకు ఏం మొఖం సూపెట్టాలె?"

"మంది తాగే నీళ్లు ఖరాబ్ చేసింది నేను" అన్న. తాడు ఇడ్సలే. మామ సైకిల్ మర్లేసిండు.

మంగళారం ఊట తేట పడ్డది. మల్లారెడ్డి మొదటి ముంత నాకిచ్చిండు, తాగి సూపెట్టమని. తాగిన. ఆ వారం నుంచే నర్సమ్మ ఇంట్ల దీపం కాడ పలక పట్టిన. తర్వాత అదే పొడి, అవే బాయిలు, నాలుగేండ్లు సంఘంతోని తిరిగిన. గా పని సూసే సంగారెడ్డిల నీళ్ల ట్యాంకు కాడ నౌకరిచ్చిండ్రు. పింఛినిదాక గాడనే చేసిన. మందు కలిపే ముందు కాయిదం రెండుసార్లు సదివేటోన్ని. నా చేతి నీళ్లు తాగి మళ్ల ఎవ్వరికి ఏం కాలే, దేవునికి స్తోత్రం.

పో బిడ్డా, సేవకు పో. రానిది రాదని చెప్పు, సాలు. దేవుడు నిన్ను సల్లగ సూడాలె.

ఫ్యాక్టరీ నౌకరి వేరేటోనికి ఇచ్చిండ్రు. మామ ఆ సోమవారం నుంచి సచ్చేదాక నాతోని మాట్లాడలే.