తగలని దెబ్బ

ఏంట్రా అల్లుడూ, పొద్దున్నే ఇలా ఊడిపడ్డావ్? కూర్చో. అక్కడ కాదు, ఆ కుర్చీ ఎదురుగా లాక్కుని కూర్చో. పక్కన కూర్చుంటే మెడ తిప్పలేక చస్తున్నా. ఆఁ, ఇప్పుడు చెప్పు. ఎవరికి? నీ కూతురికా? చెయ్యి కమిలిందా? ఎక్కడ, మోచేతి కిందా? నీలంగా ఉందా, ఆకుపచ్చగా తిరిగిందా? ఏమో చూళ్ళేదంటావేంట్రా, తండ్రివై ఉండి! నీలంగా ఉంటే నిన్నటిది, ఆకుపచ్చగా ఉంటే నాలుగైదు రోజులైనట్టు, పసుపు రంగుకి వచ్చిందంటే పోతున్నట్టు. నాకెలా తెలుసా? చెప్తాలే. ముందు నీ సంగతి కానీ. ఏంటీ, దానికి కరాటే నేర్పే టీచరమ్మ దగ్గరికి నేను రావాలా? వచ్చి, మా పిల్లని మాత్రం గట్టిగా కొట్టించకండమ్మా అని చెప్పాలా, పెద్దవాణ్ణి కాబట్టి నా మాట వింటుందనా? పిల్లకి తెలియకుండానా? నవ్వట్లేదురా. కాస్త ఆగు. ఆ మంచినీళ్ళిటు... చేతికివ్వొద్దు, బల్ల మీద పెట్టు, నేను తీసుకుంటా.

మా వస్తాదు సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదూ. మీ అమ్మకీ సరిగ్గా తెలీదు, అప్పటికింకా అది గౌనేసుకుని వీధిలో గెంతుతుండేది. వస్తాదంటే నువ్వు పెద్ద మీసాలు, ఇంతింత కండలు ఊహించుకోకు. సన్నగా పొడుగ్గా, కోత మిల్లులో రంపానికి దుంగలు తోసే మనిషి. ఇరవై ఏళ్ళు ఆ రంపం పక్కన నిలబడీ నిలబడీ చెవులు సగం పోయాయి. మనం మాట్లాడుతుంటే మన మూతి వైపే చూసేవాడు, తను నోరు విప్పితే వీధి చివరిదాకా వినపడేది. మిల్లు వెనకాల ఓ రేకుల షెడ్డు. నేలంతా రంపపు పొట్టు, జానెడు మందాన. ఇప్పటికీ ఎవరింట్లోనైనా వడ్రంగి పని జరుగుతుంటే నేను ఆ వాసనకి అవతలి వీధిలోంచి వెళ్తా. సరే. పొద్దున్నే మిల్లు మొదలయ్యేలోపు గంటన్నర మాకు చేతి దెబ్బలు కొట్టడం, కాచుకోవడం నేర్పేవాడు. ఎనిమిదిమందిమి. నాకు పదిహేడేళ్ళు. ఇద్దరిద్దరం ఎదురెదురుగా నిలబడి ముంజేతులు ముంజేతులకేసి కొట్టుకోవాలి, బయటి వైపు, లోపలి వైపు, మళ్ళీ బయటి వైపు, వందసార్లు. మొదటి నెలంతా నేను గ్లాసు ఎత్తితే ఒట్టు. మీ అమ్మమ్మే ముద్దలు కలిపి నోట్లో పెట్టేది, పెడుతూ ఏడ్చేది. నాకు ముందు ఇద్దరు పోయారులే ఆవిడకి, అందుకని నేనంటే ప్రాణం. అసలు నన్నక్కడికి పంపిందీ ఆవిడే. డాక్టరు ఒళ్ళు గట్టిపడాలన్నాడట. పంపడం పంపి, రోజూ చొక్కా విప్పించి వెతికేది, ఎక్కడ కమిలిందా అని. ఈతకి పంపి తల తడవకూడదన్నట్టు.

అయితే ఆ వందకి నేను భయపడలేదు. చిత్రం కదూ? ఎందుకంటే దానికో లెక్కుంది. ఒకటంటే ఒకటి పడుతుంది, రెండంటే రెండోది పడుతుంది. చెప్పి వచ్చే దెబ్బ ఏం చేస్తుందిరా, నొప్పి పెడుతుంది, అంతేగా. నా భయం వేరే. ఆ షెడ్డులో ఓ పద్ధతి ఉండేది. చేరిన ఏడాదిలోపు, ఏదో ఒక రోజు, చెప్పకుండా, వస్తాదు ఒకే ఒక్క దెబ్బ కొడతాడు. అరచేత్తో, ఇదిగో ఇక్కడ, రొమ్ము మధ్యన. నిజం దెబ్బ, మిగతావన్నీ ఆట అన్నట్టుండేదట. కొట్టినవాడే మళ్ళీ లేపి కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి అడుగుతాడు, "ఎక్కడిదాకా వెళ్ళిందిరా?" అని. నువ్వు చెప్పాలి. వీపుదాకా అనో, మోకాళ్ళదాకా అనో. మాలో మంగలాయన కొడుకు మహా కొంటె, "మా తాతదాకా వెళ్ళింది వస్తాదూ" అన్నాడట. అప్పుడు వస్తాదు, "అంతే. దీనికంటే పెద్దది నీ జన్మలో రాదు. వచ్చేసింది, అయిపోయింది, ఇంక పో" అనేవాడు. ఆ తర్వాత ఇంకెప్పుడూ వాణ్ణి ముట్టుకునేవాడు కాదు. ఆ దెబ్బ తిన్నవాళ్ళ నడకే మారిపోయేదిరా అల్లుడూ. ఎదురుగా పిడికిలి వస్తున్నా కళ్ళు ఆర్పేవాళ్ళు కాదు.

మంగలాయన కొడుక్కి చెప్పులు విప్పుకుంటుంటే పడింది. కవలలుండేవాళ్ళు మాలో, పెద్దాడికి పడితే చిన్నాడు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు, నవ్వు పూర్తవకుండానే వాడికీ పడింది. కందిరీగ అని నా జతగాడు, దర్జీ కొట్లో కాజాలు కుట్టేవాడు, వాడికి ఆవులిస్తుంటే పడింది. ఆర్నెల్లకి ఏడుగురికీ అయిపోయింది. నేనొక్కణ్ణే మిగిలా. ఇంక చూడు నా అవస్థ. రేపే అనుకుంటూ పడుకునేవాణ్ణి, ఇవాళే అనుకుంటూ లేచేవాణ్ణి. చొక్కా లోపల తువ్వాలు మడిచి పెట్టుకునేవాణ్ణి. వస్తాదు వీపు గోక్కోడానికి చెయ్యెత్తితే నా కళ్ళు మూసుకుపోయేవి. ఓసారి దోమని కొట్టబోయాడు, నేను చతికిలబడ్డా. అందరూ ఒకటే నవ్వు. వస్తాదు నవ్వలేదు. నా వంక అదోలా చూసి, మొహం తిప్పుకున్నాడు. అది గుర్తుపెట్టుకో. ఏడాది అయిపోయింది. రెండోది అయిపోయింది. ఇదేంటి, నాకు మరీ గట్టిగా కొట్టాలని దాచిపెడుతున్నాడా అనుకునేవాణ్ణి. నిజంగా అలాగే అనుకున్నానురా, నవ్వకు. రోజుకింత చొప్పున ఆ దెబ్బ ఎక్కడో పెరుగుతోందనుకునేవాణ్ణి. కందిరీగని అడిగా, నా దెబ్బ ఎప్పుడంటావురా అని. వాడు దారం పళ్ళతో తెంపుతూ, "వస్తే వస్తుందిలే" అని మాట మార్చాడు.

మూడో ఏడు. ఆ రోజు నేనూ కందిరీగా ఒకరినొకరు కొట్టుకోవాలి, పూర్తి బలంతో. రొమ్ము మీదా పొట్ట మీదా కొట్టొచ్చు, మొహం జోలికి పోకూడదు. బాగానే జరుగుతోంది. వాడు ముందుకొచ్చాడు. అప్పుడే వస్తాదు, నా కుడి పక్కనున్నాడు, మిల్లు గేటు దగ్గర ఎవరో పిలిచారనుకుంటా, ఉండు వస్తున్నానన్నట్టు చెయ్యి పైకెత్తాడు. అంతే. చెయ్యెత్తాడు, అంతే. కంటి చివర ఆ చెయ్యి లేవడం ఒక్కటే కనపడింది నాకు. వచ్చేసింది అనుకున్నా. కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి ముందుకి విసిరా. ఏదో మెత్తగా తగిలింది. నా బొటనవేలికి. ఇదిగో, ఈ వేలికే. కందిరీగ అరవలేదు కూడా. పొట్టులో కూర్చుండిపోయి, రెండు చేతులూ మొహం మీద పెట్టుకుని, "ఏంట్రా ఇది, ఏంట్రా ఇది" అని నెమ్మదిగా అంటున్నాడు. ఎడమ కన్ను. ఆస్పత్రిలో పదకొండు రోజులున్నాడు. కన్ను ఉంది, చూపు రాలేదు. ఆ తర్వాత కాజాలు వాడి చేత కాలేదు. అదే కొట్లో ఇస్త్రీకి మారాడు. నేను వెళ్ళి ఏడిస్తే ఏమన్నాడో తెలుసా? "చూసి కొట్టుంటే కోప్పడేవాణ్ణిరా. నువ్వు చూడనే లేదు, ఎవరి మీద కోప్పడను?" అన్నాడు. తిట్టుంటే బాగుండేది.

చూపు ఇక రాదని డాక్టర్లు తేల్చిన సాయంత్రం వస్తాదు మా ఇంటికొచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. నేను వెనక గదిలో తలుపు చాటున ఉన్నా. ఆయన రహస్యం చెప్పినా ఊరికి వినపడుతుందన్నా కదా, నాకెందుకు వినపడదు. "అమ్మా, నీ చేతిలో చెయ్యేసి చెప్పాను, నీ కొడుకుని ముట్టుకోనని. మూడేళ్ళు మాట నిలబెట్టుకున్నా. ఒక్కరోజు తప్పుంటే ఆ కుర్రాడికి కన్ను ఉండేది" అన్నాడు. అప్పుడర్థమైందిరా నాకు. నేను చేరిన వారానికే మీ అమ్మమ్మ మిల్లుకి వెళ్ళిందట, మిట్టమధ్యాహ్నం, రంపం ఆడుతుంటే. ఆయనకి వినపడదు కాబట్టి గట్టిగా అరిచి చెప్పిందట, నా బిడ్డని కొట్టొద్దు, నాకు మాటివ్వు అని. మిల్లంతా విన్నారు. ఏడుగురికీ తెలుసు. కవలలకి తెలుసు, మంగలాయన కొడుక్కి తెలుసు, కందిరీగకి తెలుసు. నాకే తెలీదు. లేని దెబ్బ కోసం మూడేళ్ళు ఒళ్ళు బిగబట్టుకుని తిరిగానురా! మీ అమ్మమ్మ మంచికే చేసింది, కాదనను. కానీ ఎవరో ఒకరు నాతో అనొచ్చుగా, ఒరేయ్, నీకు పడదురా అని. నాకు ఇప్పటికీ కోపమే. చనిపోయిన తల్లి మీద కోపమేంటి అంటావ్, ఉంది మరి, ఏం చెయ్యను?

మర్నాడు తిన్నగా మిల్లుకి వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డా. కొట్టు వస్తాదూ, అన్నా. నా మూతి చూసి మాట పోల్చుకున్నాడు. "ఇప్పుడు నువ్వడిగేది శిక్షరా. అది నా దగ్గర లేదు" అన్నాడు. కాదు, నాకు రావాల్సింది ఇచ్చెయ్, అన్నా. చెయ్యెత్తాడు. నేను కళ్ళు మూసుకున్నా. మూసుకోకూడదనే వెళ్ళానురా, అవే మూసుకుపోయాయి. పళ్ళు కరుచుకుని నిలబడ్డా. ఎంతసేపో తెలీదు. రంపం గీ మంటూనే ఉంది. చివరికి తెరిచి చూస్తే ఎదురుగా ఎవరూ లేరు. ఆయన అవతల దుంగ తోస్తున్నాడు, నా వైపు చూడకుండా. షెడ్డు మళ్ళీ తెరవలేదు. రెండేళ్ళకి ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఆ పొట్టంతా పీల్చీ పీల్చీ. చూడ్డానికి వెళ్ళా. మంచం మీద ఎముకల గూడు. కుడి చెయ్యి దుప్పటి మీద పెట్టుకుని పడుకున్నాడు, ఈగ వాలినా తోలలేడు. అయినా నేను ఎక్కడ కూర్చున్నానో తెలుసా? ఎడమ వైపు. ఆ చేతికి అందకుండా. ఆయనా చూశాడు. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. వారానికి పోయాడు.

ఆ దెబ్బ తగిలుంటే నా భయం పోయేదంటావా? నేనలా అనలేదు. ఇంకా ఎక్కువయ్యేదేమో. చెప్పకుండా మనిషిని కొట్టడమేంటి, అదేం చదువు, అని నేనే తిట్టుకున్న రోజులున్నాయి. కందిరీగ మాత్రం చివరిదాకా వస్తాదునే వెనకేసుకొచ్చాడు. ఏది నిజమో నాకు తెలీదు. నాకు తెలిసిందల్లా అది ఇంకా రావాల్సే ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇంకా రాలేదు. పోస్టాఫీసులో చేరినప్పుడు ఉత్తరాల మీద ముద్రలు గుద్దేవాడి పక్కన కూర్చోబెడితే నాలుగు రోజులు సెలవు పెట్టా. పెళ్ళైన కొత్తలో జ్వరమొస్తే మీ అత్తయ్య నుదురు చూద్దామని చెయ్యి పెట్టబోయింది, నేను మోచెయ్యి అడ్డం పెట్టుకుని గోడకి కరుచుకుపోయా. బిత్తరపోయింది పిచ్చిది. వాళ్ళ పుట్టింటివాళ్ళకి కూడా చెప్పుకోలేదు. ఆ రోజు నుంచి నలభై నాలుగేళ్ళు, నన్ను ముట్టుకునే ముందు ప్రతిసారీ, "నేనే" అనేది. భుజం మీద చెయ్యి వెయ్యాలన్నా, చొక్కా గుండీ పెట్టాలన్నా, ముందు "నేనే" అనేది. చుట్టాలు నవ్వేవాళ్ళు, గదిలో ఇంకెవరున్నారే అని. ఆస్పత్రిలో చివరి రోజున కూడా నా చెయ్యి పట్టుకోబోతూ అంది. ఇప్పుడు అనేవాళ్ళు లేరు.

సరే, నీ సంగతికొద్దాం. ఆ టీచరమ్మ దగ్గరికి వస్తా. చేతికర్ర అందుకో, ఇప్పుడే పోదాం. కానీ కొట్టొద్దని చెప్పను, కొట్టమనీ చెప్పను. నీ కూతురి ముందే అడుగుతా, అమ్మా, చెప్పి కొడుతున్నావా, చెప్పకుండానా అని. ఆపమని పిల్లకి అనిపిస్తే పిల్లే చెప్తుంది. నువ్వు మాత్రం చాటుగా వెళ్ళి ఎవరి దగ్గరా మాట తీసుకోకు, ఆ పని మన ఇంట్లో ఒకసారి జరిగింది చాలు. దారిలో మీ ఇంట్లో ఆగి ముందు దాన్నడుగు, దెబ్బ పడేటప్పుడు కళ్ళు తెరిచే ఉంటున్నావా అమ్మా, అని. తెరిచే ఉందంటే... ఎక్కడికి లేచావ్? ఫ్యానా? వెయ్యి, వెయ్యి, చెమట పడుతున్న మాట నిజమే. స్విచ్చు నా వెనక గోడకుంది. ఒరేయ్, అటు నుంచి కాదు, ఇటు నుంచి రా, నాకు కనపడేలా. ఎక్కడున్నావ్? వెనకేనా? ఏదైనా మాట్లాడరా. నేనే అనరా. ఒక్కసారి... నేనే అను.