గాలిలో తెడ్డు

హలో… ఆ, నేనే నాయనా, రోజారమణిని. ఒడ్డు మీదే ఉండా. అమ్మ పక్కనే ఉంది.

చెప్పినవన్నీ చేసినావా? పడవ పగులులో గుడ్డ కుక్కినావా? … లంగరు? … దిగిందా, సరే. సుబ్బన్నను నీళ్ళు తగలకుండా వల కుప్ప మీదికి ఎక్కించినావా? చలికి టార్పాలిన్ పట్ట కప్పినావా? … తల మీద నెత్తురు ఆగిందా? … మూలుగుతుండాడా. మూలగనీ, మూలుగు మంచిదే. పాపం, తమ్ముడు ముఖేష్‌కి జ్వరమని వాడి బదులు వచ్చినోడు…

నీళ్ళు ఎందాక వచ్చినాయి? … మోకాటికా!

ఏం లేదమ్మా. ఏం లేదంటుండాడు. — చిన్నగా చెప్పు నాయనా, అమ్మ వింటుంది.

పెంచలకృష్ణ మామ బోటేసుకొని నీకోసమే తిరుగుతుండాడు. తెల్లారినా ఈ మంచులో ఏం కనపడడం లేదంట. ఇప్పుడే అమ్మ ఫోనుకు చేసినాడు. ఎవురిదో లైటు గుండ్రంగా తిరుగుతుంటే వలగుర్తు అనుకొని, పక్కకు తిప్పుకొని పొయినాడంట.

నాయనా… టార్చికి తాడు కట్టి తిప్పమని నేనే గదా చెప్పింది.

నేనెప్పుడన్నా పడవెక్కినానా? నాకేం తెలుసు! లైటు గుండ్రంగా తిప్పితే ‘వల వేసుండాం, దూరంగా పోండి’ అనంట గదా. నీకు తెలుసు గదా. తెలిసీ ఎందుకు తిప్పినావు? …

చదువుకున్నదాన్ని చెప్పినాననా?

… లేదు, ఏడవడం లేదు. జలుబు. విను.

తిప్పడం ఆపొద్దు. తీరు మార్చాల. సున్నా వద్దు, ఎనిమిది వెయ్యి. కావలి హాస్టల్లో ఎలిశబెతు నాకు నేర్పిందే, పోయ్ ఆట… తాడు చివర గుండు కట్టి తిప్పేది. మేజోళ్ళలో ఇసక పోసి నేను ఇంటి ముందర తిప్పుతుంటే, “డిగ్రీలో ఇదొక పేపరా?” అని నవ్వలా నువ్వు? ఆ పేపరే. ఇప్పుడు నువ్వు రాయాల.

ఫోను స్పీకర్లో పెట్టి జేబులో వేసుకో. మోకాళ్ళ మీద కూర్చో, లేవొద్దు. … భుజం లేవకపోతే పోనీ, ఇదంతా మణికట్టు పని. చెయ్యి బొడ్డు దగ్గరే ఉంచు. ఒక్క తెడ్డుతో పడవ తోలేటప్పుడు కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి వేస్తావే… అట్లే, గాలిలో. టార్చి కుడిపక్క ఒక చుట్టు తిరిగి, నీ ముందర అడ్డంగా దాటి, ఎడమపక్క ఒక చుట్టు. మధ్యలో ఆగకూడదు, పారతా ఉండాల.

… తగిలిందా? ఎక్కడ? … మూతికా. తగులుద్ది. నాకు నెల రోజులు తగిలింది. తాడు ఒక జాన తగ్గించు. మళ్ళీ. కుడి… ఎడమ… కుడి…

వస్తుందా! … ఇప్పుడు తిప్పతానే మెల్లగా నువ్వు గూడా తిరుగు. ఒక్క దిక్కే కూర్చుంటే పక్కనుంచి చూసేవాళ్ళకి మళ్ళీ సున్నానే. చెయ్యి పడిపోతుంటే తల మీద ఒక చుట్టు వేసి, ఆ ఊపులోనే రెండో చేతికి మార్చుకో.

నాయనా? ఆ శబ్దం ఏంది? … నీళ్ళు తోడుతుండావా. ముప్ఫై డబ్బాలు తోడి మళ్ళీ తిప్పు.

… ఆ మాటలు నాకొద్దు. ఇంట్లో పెట్టెలో ఏముందో, ఎవురికి ఏం చెప్పాల్నో, అయ్యన్నీ ఒడ్డుకొచ్చి అమ్మకే చెప్పుకో. నేను వినను. తిప్పు. కుడి… ఎడమ… నేనూ ఇక్కడ ఒట్టి చేత్తో తిప్పతానే ఉండా. జనం చూస్తుండారు. చూడనీ.

ఆగు, అమ్మ ఫోను. — మామా! … ఏంది? … పడుకోబెట్టిన ఎనిమిదా? ఆయనే మామా! వలగుర్తు కాదు, మా నాయనే! … మామా? మామా, ఇంకొకటి… —

నాయనా, చూసినాడు! నీ లైటు చూసినాడు! … ఇంజను వినపడుతుందా? ఆపొద్దు, పక్కకొచ్చేదాకా ఆపొద్దు.

… ఫోను బ్యాటరీ అయిపోతుందని కూస్తుందా? అయితే ఒక్క మాట. మామ ఏమన్నాడో తెలుసా? “ముఖేష్ ఇంట్లో ఉండాడు, ఓబయ్య ఒక్కడే గదా” అని పెట్టేసినాడు. నేను చెప్పేలోపల పెట్టేసినాడు. మళ్ళీ చేస్తే తీయడం లేదు. పట్ట కప్పమన్నది గూడా నేనే… దాని కింద మనిషి ఉండాడని వాళ్ళకెట్లా తెలుస్తుంది? నువ్వు బోటెక్కి కళ్ళు తిరిగి పడిపోతే ఎవురు చెప్తారు? తాడు అందుకోకముందే చెప్పు. నీకంటే ముందు చెప్పు. గుర్తుపెట్టుకో నాయనా… పట్ట కింద సుబ్బన్న ఉండాడు. సుబ్బన్నను మర్చిపోవద్దు… విన్నావా?

హలో… నాయనా?