బాలింత నాచు చారు

కొరియాలోని జేజు దీవిలో ఆ ఉదయం గాలి హోరుగా వీస్తోంది. పురిట్లోనే బిడ్డను పోగొట్టుకున్న కోడలు గోడవైపు తిరిగి పడుకుంది. అత్త గిన్నె పట్టుకుని పక్కన కూర్చుంది.

“లేమ్మా. సముద్రపు నాచు నువ్వుల నూనెలో వేయించి చారు కాచాను.”

“అది బాలింతలు తినేది అత్తయ్యా.”

“నువ్వు బాలింతవి కావూ? మోసి, కన్నావు.”

“అది తింటే పాలు పడతాయి. ఇప్పటికే రొమ్ములు రాళ్ళయ్యాయి. ఎవరికిమ్మంటారు, సముద్రానికా?”

అత్త గిన్నె కింద పెట్టింది.

“పక్కింటి ఒక్సిమ్ కాన్పు కష్టమై తెల్లారుజామున పోయిందమ్మా. బిడ్డ బతికింది. గంజినీళ్ళు పోస్తుంటే కక్కేస్తోంది.”

“అందుకా ఈ చారు?”

“కాదు. ఇది నీ కోసమే కాచాను. పొయ్యి మీద ఉండగా ఆ కబురొచ్చింది. నువ్వు వద్దంటే మళ్ళీ అడగను.”

“నా బిడ్డ మీద పోసిన మట్టి ఇంకా ఆరనేలేదు.”

“తెలుసు. పోసింది నేనేగా.”

కోడలు ఇటు తిరిగింది.

“ఒక్సిమ్‌కి పుట్టింది ఆడపిల్లా?”

“ఆడపిల్లే.”

“ఏడుస్తోందా?”

“ఇందాకటిదాకా ఏడ్చింది. ఇప్పుడు ఏడవడం లేదు.”

కోడలు మోచేతి మీద లేచి గిన్నె అందుకుంది.

“ఇంకా ఇక్కడే కూర్చున్నారేం? వెళ్ళి తీసుకురండి.”